అక్షింతల పురుగుకు ఎన్ని పేర్లు

జనవరి 23, 2009. శుక్రవారం

ఈ డైరీ ఎరువుల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇక్కడ ఒమన్‌లో నేను పనిచేసే తోట యజమాని, మా అర్బాబ్‌కు పంపింది. ఆయన తోట వ్యవహారమంతా నోటితోనే నడిపే మనిషి. వాళ్ళమ్మాయి సఫియా మేడం దీన్ని నా చేతిలో పెట్టి, పురుగుల పెట్టెలకు చీటీలు కోసిపెట్టమంది. వెనక పేజీలు కొన్ని కోశాను. ముందువి తెల్లగా ఉండిపోయాయి. తెల్లకాగితం కనిపిస్తే నేను ఊరుకోలేను. భీంగల్‌లో పురుగుమందుల దుకాణంలో గుమాస్తాగా ఉన్న రోజుల నుంచీ ఇదే జబ్బు.

బుధవారం ఊళ్ళో నా భార్య నవీనకు ఆడపిల్ల పుట్టింది. అవ్వ, అంటే మా అమ్మ, నిన్న ఫోన్ చేసి చెప్పింది. తల్లీ పిల్లా బాగున్నారు, ముక్కు అచ్చం నాదేనట. అంతవరకూ చెప్పి, ఊపిరి కూడా తీసుకోకుండా పేరు సంగతి ఎత్తింది. తొట్టెల నాడు పిల్లను మొదటిసారి ఉయ్యాలలో వేసి, మా అక్క సత్తవ్వ చెవిలో పేరు చెప్పాలి. ఆ పేరు ముందు తండ్రి నోటి నుంచి రావాలి. మా ఇళ్ళలో పద్ధతి అది. చూద్దాం అన్నాను.

సెలవు రోజే అయినా పొద్దున్నే బర్సీం మడిలోకి వెళ్ళాను. పశువుల మేతకు పెంచే ఈ గడ్డి మీద మంచు ఆరేదాకా పురుగులు బద్ధకంగా ఉంటాయి. గుడ్డ వలను అలా ఈడ్చుకుంటూ పోతే చాలు, వాటంతటవే వచ్చి పడతాయి. ఇవాళ ఎక్కువగా ఏడు చుక్కల అక్షింతల పురుగులే. ఒక్కో ఎర్ర రెక్కకు మూడేసి నల్లచుక్కలు, మెడ దగ్గర రెండు రెక్కలకూ ఉమ్మడిగా ఒకటి. ఎగరబోయేముందు రెక్కలు విప్పితే ఆ ఒక్కటీ రెండు ముక్కలవుతుంది. మూస్తే మళ్ళీ ఒకటే. మంచు ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

జనవరి 24

నవీనతో మాట్లాడదామనుకున్నాను. నిద్రపోతోందట. మంచిదే, నిద్రపోనీ.

జనవరి 28, బుధవారం

సఫియా మేడం గది ఒకప్పుడు ఖర్జూరాలు నిలవ చేసిన కొట్టు. ఇప్పటికీ తలుపు తీస్తే తీపి వాసన. లోపల గోడ పొడుగునా చెక్క అరలు. ఈ ఖురియాత్ తీరంలో ఎన్ని రకాల అక్షింతల పురుగులు ఉన్నాయో అన్నీ పట్టి, పేర్లు తేల్చి, ఒక పుస్తకం రాయాలని ఆమె పట్టుదల. నన్ను దోసకాయల షెడ్ల నుంచి తప్పించి ఈ పనికి తీసుకుంది. మేము మాట్లాడుకునేది హిందీ. ఆమెది మస్కట్ దుకాణాల్లో నేర్చిన హిందీ, నాది నిజామాబాద్ బస్టాండు హిందీ. అసలు హిందీ వాళ్ళు వింటే పారిపోతారు.

ఇవాళ పొద్దంతా పేర్ల గోల. నేను అక్షింతల పురుగు అన్నాను. పసుపూ కుంకుమా కలిపిన గింజలా ఉంటుంది కాబోలు, మనవాళ్ళు అలా అన్నారు. ఇక్కడి వాళ్ళు దాసూకా అంటారట, కొన్నిచోట్ల అబుల్ ఈద్ కూడా అంటారట. అంటే పండుగకు తండ్రి. ఇంగ్లీషు వాళ్ళకు ఇది లేడీబర్డ్, అంటే దొరసాని పిట్ట. పిట్టెక్కడ, పురుగెక్కడ. పైగా ఆ దొరసాని ఎవరో కాదు, ఏసు తల్లి మరియమ్మ అని సఫియా మేడం చెప్పింది. పంపు నడిపే బాబు మియా మాత్రం దీన్ని పోకా అన్నాడు. ఆయన బెంగాలీలో పోకా అంటే పురుగు. దోమ, చెద, తేలు అన్నీ ఆయనకు పోకాయే. హాయైన మనిషి.

ఇన్ని ఊళ్ళ పేర్లతో తిప్పలు పడలేకే లాటిన్ పేరు పెట్టారట. కాక్సినెల్లా సెప్టెంపంక్టేటా. ఎర్రది, ఏడు చుక్కలది అని అర్థం. ముందు కాక్సినెల్లా, అది ఇంటిపేరు. ఆ ఇంట్లో పదకొండు చుక్కలది ఇంకొకటి ఉంది, కాక్సినెల్లా అండెసింపంక్టేటా. ఇంటిపేరు ముందు, సొంతపేరు తరవాత, అచ్చం మన పద్ధతే. ఇంకొకదానికి పాత పుస్తకాల్లో అడోనియా అని ఉంటే, పెద్దమనుషులు కూర్చుని దాన్ని హిప్పోడేమియా ఇంట్లోకి మార్చారట. పెళ్ళయిన పిల్లకు ఇంటిపేరు మారినట్టు. పురుగుకు ఈ సంగతి తెలియదు, మునుపటిలాగే తిరుగుతోంది.

పేర్లు రాసిన చీటీలు నేనే అంటించాను. ప్రతి పేరు పైనా ఒక సూది, సూదికి ఒక పురుగు. మడిలో తిరిగే వాటికి చీటీ లేదు. చీటీ ఉన్నవేవీ తిరగవు.

పనిలో పనిగా నీకెంతమంది పిల్లలు లింబూ అని అడిగింది. నా పేరు లింబాద్రి, ఇక్కడ అందరికీ లింబూనే. లేరు మేడం అన్నాను. చేతిలో జిగురు ఉంది, ఆ హడావుడిలో అన్నాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు పట్టింది. బర్సీం మడి ఇంతకంటే పెద్దగా, సముద్రం దాకా ఉంది. గడ్డి మధ్యలో ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు, వీపు ఇటువైపు. గడ్డి నడుము దాకా వచ్చింది. వాడు కొంచెం కొంచెంగా నీళ్ళ వైపు నడుస్తున్నాడు. పిలుద్దామని నోరు తెరిచాను. ఏమని పిలవాలో తెలియలేదు. ఓయ్ అనడానికి మనసొప్పలేదు.

లేచాక ఒంటినిండా చెమట. ఫ్యాను ఆగిపోయి ఉంది. కరెంటు పోతే ఇలాంటి కలలే వస్తాయి.

సాయంత్రం ఖర్జూరపు చెట్ల మీద నల్లని చిన్న రకం దొరికింది. కైలోకోరస్ బైపస్టులేటస్. రెండు పొక్కులది అని అర్థమట. ఎంత చిన్నచూపు. ఎవరో స్వీడన్ పెద్దమనిషి రెండు వందల యాభై ఏళ్ళ కింద పెట్టాడట ఆ పేరు.

ఫిబ్రవరి 3, మంగళవారం

నవీన ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉన్నా మాట పదునుగానే ఉంది. నాకు ఆ పదునంటే ఇష్టం, కాకపోతే నా మీదికి తిరగనంతవరకే.

సంగతేమిటంటే, అవ్వ ఈ పిల్లకు పెంటవ్వ అని పేరు పెట్టాలంటోంది. ముందు పిల్లలు దక్కని ఇంట్లో పుట్టినవాళ్ళకు మావైపు అలాగే పెడతారు. పిల్లను పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, పొరుగింటి వాళ్ళకు గుప్పెడు తవుడుకు అమ్మేసి, మళ్ళీ తెచ్చుకుంటారు. ఇది మాకు అక్కర లేని పిల్ల, పెంటలో దొరికింది అని చావుకు చెప్పడం అన్నమాట. మా బడిలోనే ఇద్దరు పెంటయ్యలు, ఒక తవుటయ్య ఉండేవాళ్ళు. ముగ్గురూ గుండ్రాళ్ళలా ఉన్నారు ఇప్పటికీ.

అవ్వ మాటలు నవీన అవ్వ గొంతుతోనే చెప్పి వినిపించింది. "స్రవంతి అని ముద్దుగ పెట్టుకుంటిమి. ఉన్నదా? దీన్ని పెంటవ్వ అంటే ఎవడు సూస్తడు దీని దిక్కు? సల్లగుంటది."

ఆ తరవాత తన గొంతుతో అంది. "నా బిడ్డను పెంటకుప్పా అని నేనే పిల్వాల్నా? బడికి వోతె పోరలు నవ్వరా? శ్రీజ, హారిక, లహరి. మూడిట్ల ఏదన్న ఒకటి చెప్పు. నువ్వు చెప్తె అత్త ఏమనది."

చూద్దాం అన్నాను. ఎన్నిసార్లు చూస్తవ్ అంది. సిగ్నల్ సరిగా లేదన్నాను.

స్రవంతి మా మొదటి పిల్ల. ఊరంతా భోజనం పెట్టి మరీ పెట్టాం ఆ పేరు. నడక రాకముందే పోయింది. రెండోసారి బాబు. వాడు తొట్టెల దాకా కూడా ఆగలేదు, కాబట్టి పేరు పెట్టలేదు. అందుకే వాడి విషయంలో బాధ అంతగా తెలియలేదు. ఆ వెంటనే, నాలుగేళ్ళ కింద, నేను ఇటు వచ్చేశాను. దుకాణం కూడా మూతపడేలా ఉండింది అప్పుడు. పోయినేడాది ఎండాకాలం సెలవుకు ఒకసారి ఊరికి వెళ్ళొచ్చాను, అంతే.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఇవాళ్టిది కలో నిజమో అన్నట్టుంది. బాబు మియా సాక్ష్యం ఉన్నాడు కాబట్టి నిజమే.

నిన్నంతా గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదికి కొట్టింది. పొద్దున చేపల కోసం ఇద్దరం ఒడ్డుకు వెళ్ళాం. గోనూ తుఫానుకు విరిగిన గోడ దాటి ఇసుకలోకి దిగితే, అల ఆగే చోట ఎర్రటి గీత. ఈ కొస నుంచి ఆ కొస దాకా, కుంకుమ భరిణె ఒలికినట్టు. పడవలోంచి మిరప బస్తా పడిందేమో అన్నాడు బాబు మియా. దగ్గరికి వెళ్తే అన్నీ అక్షింతల పురుగులు. గాలి వాటిని సముద్రం మీదికి తోసింది, సముద్రం తిరిగి ఒడ్డుకు తెచ్చి పడేసింది. చాలావరకు చచ్చిపోయాయి. కొన్ని తడి ఇసుకలో కాళ్ళు ఆడిస్తున్నాయి.

చేపల సంగతి మరిచిపోయాం. బాబు మియా తన టోపీ తీశాడు, నేను రుమాలు తీశాను. బతికున్న వాటిని ఏరి, బోర్లించిన పడవ మీద ఎండలో పెట్టాం. అవి కాసేపు కదలవు. తరవాత రెక్కల కింది సన్నపు రెక్కలు, తడిసిన పట్టుబట్టలా ఉన్నవి, మెల్లగా చాపి ఆరబెట్టుకుంటాయి. ఆ తరవాత ఒక్కొక్కటే తోటల వైపు లేస్తాయి. ఎండ తెల్లగా ఉంది. అలల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను చుక్కలు చూడలేదు. పేర్లు గుర్తు తెచ్చుకోలేదు. ఇన్ని రోజుల్లో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేను.

బాబు మియాకు నలుగురు పిల్లలు. ఒక్కో పురుగును వేలి కొసకు ఎక్కించుకుని, ఒక్కో పిల్ల పేరు పెట్టి ఊదాడు. నాలుగూ ఎగిరాయి. అయిదో దాన్ని ఎక్కించుకుని, ఇది నీ బిడ్డకు, పేరు చెప్పు లింబూ భాయ్ అన్నాడు. పిల్ల పుట్టిన సంగతి ఒకే రూమ్ కాబట్టి ఆయనకు తెలుసు. ఇంకా పెట్టలేదు అన్నాను. ఆయన పురుగును ఊదకుండా జాగ్రత్తగా పడవ మీద దించేశాడు.

ఫిబ్రవరి 8, ఆదివారం

అవ్వ పని కానిచ్చింది. పక్కింటి శాంతవ్వకు తవుడుకు అమ్మి, కొంగులో వేసుకుని తెచ్చిందట. పెంటవ్వ అని రెండుసార్లు పిలిచిందట కూడా. నవీన ఆమెతో మాట మానేసింది.

ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేశారు. అవ్వకు సరే అన్నాను. నవీనకూ సరే అన్నాను. నాలాంటి వాణ్ణి పంచాయితీకి సర్పంచిని చేస్తే ఊళ్ళో తగాదాలే ఉండవు.

ఒక సంగతి గమనించాను. అక్షింతల పురుగును వేలితో తాకితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. అంతటితో ఆగదు, మోకాళ్ళ దగ్గర పచ్చటి చుక్క వదులుతుంది. చెడ్డ వాసన, రోజంతా వేళ్ళను వదలదు. పిట్టలు ఆ వాసనకు ఛీ అని వదిలేస్తాయట. అవ్వ చేసిందీ ఇదే కదా. పిల్లకు ఛీ అనిపించే పేరు పూసి, మూల పడుకోబెట్టింది. అవ్వ బడికి పోలేదు కానీ పురుగు తెలివి ఉంది. కోపం వచ్చింది అనుకున్నాను గానీ, రాలేదు. పెంటవ్వ అని నేను కూడా ఒకసారి లోపల అనుకుని చూశాను. అదీ పలకలేదు నాకు.

ఫిబ్రవరి 10, మంగళవారం

అన్నిటికంటే కింద ఒక అర ఉంది. ఇవాళే మొదటిసారి లాగాను. అన్నీ సూదులకు ఉన్నాయి, అన్నిటికీ చీటీలు ఉన్నాయి, కానీ ఇంటిపేరు తరవాత ఎస్పీ అని రెండక్షరాలు మాత్రమే. మా దిక్కు ఎస్పీ అంటే జీపు దిగే పోలీసు దొర. ఇక్కడ, సొంతపేరు తేలలేదు అని అర్థమట.

ఎన్నేళ్ళుగా ఉన్నాయి ఇవి అని అడిగాను. కొన్ని తను కాలేజీలో ఉన్నప్పటివి అంది సఫియా మేడం. తెలియని పేరు తొందరపడి రాయకూడదు, అలాగని ఎప్పటికీ ఇక్కడే ఉంచకూడదు, ఈ అర లాగినప్పుడల్లా తనకు మనసు బాగుండదు అని చెప్పింది.

ఉంటే ఏమైంది మేడం, పేరు లేకపోతే దానికి వచ్చిన నష్టమేమిటి అన్నాను. నేను మామూలుగానే అడిగాను. ఆమె అద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పింది.

"దానికి ఏమీ కాదు, మనకే. పేరుంటే రేపు వెతుక్కోవచ్చు. పేరు లేనిది పోతే, ఏది పోయిందో చెప్పడానికి కూడా మాట ఉండదు."

అర మూసేశాను. రేపు తొట్టెల. సత్తవ్వక్క రెండుసార్లు మిస్డ్ కాల్ ఇచ్చింది.

ఫిబ్రవరి 11

తొట్టెల జరగలేదు. పిల్లకు జ్వరం.

ఫిబ్రవరి 12, గురువారం

నిజామాబాద్‌లో పిల్లల దవాఖానలో చేర్చారు. రొమ్ము పట్టడం లేదు, ఊపిరి వేగంగా ఉంది. అద్దాల పెట్టెలో పెట్టారట.

నవీన అక్కడి నుంచే మాట్లాడింది. ఏడవలేదు. పిల్ల పేరేంటని నర్సు అడిగిందట. నవీన పక్కన అవ్వ, అవ్వ పక్కన సత్తవ్వక్క, ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారట. నర్సుకు అంత తీరిక ఎక్కడిది, చేతికి ఒక పట్టీ కట్టి దాని మీద బేబీ ఆఫ్ నవీన అని రాసి వెళ్ళిపోయింది.

నవీన పిల్ల. ఏ ఇంటిదో తెలుసు, సొంతపేరు తేలలేదు.

ఫిబ్రవరి 13

వల పట్టలేదు. అన్నం తినలేదు. బాబు మియా నమాజు నుంచి వచ్చి, నీ బిడ్డ కోసం దువా చేశాను, పేరు అడగలేదులే అన్నాడు.

ఫిబ్రవరి 14, శనివారం

మంచు ఉండగానే మడిలోకి వెళ్ళాను. మూడు చాళ్ళు వల ఈడ్చి చూస్తే, వల తోక ముడి వేయనే లేదు. అన్నీ వెనక నుంచి జారిపోయాయి. సఫియా మేడం గట్టు మీద నిలబడి చూస్తోంది. ఏమైంది అంది. అక్కడే కూలబడి అంతా చెప్పేశాను. స్రవంతి, బాబు, ఈ పిల్ల, తవుడు, అద్దాల పెట్టె. నా హిందీ మధ్యలో తెలుగైపోయింది, అయినా ఆపలేదు. ఆమె ఆపమనలేదు.

పిల్లలు లేరన్నావు కదా అంది చివరకు. అన్నాను మేడం అన్నాను. పేరు పెడితే ఇదీ ఉండదేమోనని భయం, మీ చీటీలు చూస్తే ఇంకా భయం, పేరున్నవన్నీ సూదికే ఉన్నాయి అన్నాను.

అప్పుడు ఆమె చెప్పిన మాట మాత్రం నేను మరిచిపోను.

"ఇన్నేళ్ళలో వందల పేర్లు రాశాను. ఒక్కటి కూడా పేరు వల్ల చావలేదు లింబూ. నేను సీసాలో వేస్తే చచ్చాయి."

ఓదార్చడం చేతకాని మనిషి. నాకు ఎందుకో నవ్వొచ్చింది. నవ్వు నవ్వుగా ఉండలేదు, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాను. నాలుగేళ్ళ తరవాత ఏడ్చాను. ఆమె గట్టు మీదే అటు తిరిగి నిలబడింది. లేచేసరికి మంచు ఆరిపోయింది, పురుగులన్నీ ఎగిరిపోయాయి.

ఫిబ్రవరి 15, ఆదివారం

మళ్ళీ అదే మడి, అదే గడ్డి. వాడు ఈసారి నీళ్ళ దగ్గర దాకా వెళ్ళిపోయాడు. ఆకాశం పాలలా ఉంది. వాడి చుట్టూ ఎర్రగా పురుగులు లేస్తున్నాయి, భుజాల మీద వాలుతున్నాయి. పరిగెత్తుదామంటే కాళ్ళకు గడ్డి. పిలుద్దామంటే మాట లేదు. తెల్లటి వెలుతురులో వీపు ఒక్కటే కనిపించింది.

పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాను. పంపు చప్పుడు వినిపిస్తోంది. వాడెవరో నాకు మొదటిరోజే తెలుసు. ఇక్కడ రాయలేదు, అంతే.

స్రవంతి గుర్తొస్తే స్రవంతీ అనుకుంటాను. పనిలో ఉన్నా, నడుస్తున్నా, ఒకసారి అనుకుంటే గుండె కొంచెం బరువెక్కి దిగుతుంది. బాబును ఏమనుకోవాలి? అవ్వ ఆ పిల్లగాడు అంటుంది. అక్క రెండోది అంటుంది. నేను ఏమీ అనను. ఏమీ అనలేదు కాబట్టి బాధ లేదు అనుకున్నాను. బాధ లేకపోతే ఇంత దూరం ఎందుకు వచ్చాను? దుకాణం మూతపడలేదు. ఇప్పటికీ నడుస్తోంది.

పేరు పెట్టిన పిల్ల పోయింది. పేరు పెట్టని పిల్లవాడూ పోయాడు. ఇంత చిన్న లెక్క నాకు ఇన్నాళ్ళూ తేలలేదు.

ఇప్పుడు ఆ అద్దాల పెట్టెలో ఉన్న దాన్ని పిలవడానికి నా దగ్గర ఒక మాట కావాలి. ఉన్నా పిలవాలి, పోయినా పిలవాలి. భయంగానే ఉంది. భయం పోయాక పెడదామంటే అది పోయేది కాదు.

ఫిబ్రవరి 16, సోమవారం

పొద్దున నవీనకు ఫోన్ చేశాను. ఎత్తగానే ఎలా ఉందని అడగలేదు. అడిగితే ఆమె ఏం చెప్తుందో, అది విన్నాక నా నోరు పెగులుతుందో లేదో అని ముందే చెప్పేశాను.

"నవీనా, పిల్ల పేరు లహరి."

అటువైపు దవాఖాన చప్పుళ్ళు. ఎవరో స్టీలు గిన్నె కింద పెట్టారు. ఇంకోపాలి చెప్పు అంది. లహరి అన్నాను. నర్సును అడిగి పెట్టె దగ్గరికి పోతానంది. సత్తవ్వక్క చేయాల్సిన పని కదా అన్నాను. అక్క అద్దం బయట నిలబడింది, లోపలికి తల్లిని తప్ప ఎవరినీ రానియ్యరు అంది. ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. మిషను శబ్దం టిక్ టిక్ మని. నేను ఈ దేశంలో, దోసకాయల షెడ్డు వెనక నీళ్ళ తొట్టి మీద కూర్చుని, లహరీ, లహరీ, లహరీ అని మూడుసార్లు చెప్పాను. చెవిలో చెప్పేటంత మెల్లగా చెప్పాను. బాబు మియా పంపు కట్టేసి నిలబడ్డాడు.

తరవాత నవీన చెప్పింది. జ్వరం కొంచెం తగ్గిందట. పొద్దున దూదితో పాలు పిండితే చప్పరించిందట. డాక్టరు ఇంకా ఏ మాటా ఇవ్వడం లేదు, రెండు రోజులు చూద్దామంటున్నాడు. నా మాటే ఆయనా అంటున్నాడు.

ఇంకా ఏదో చెప్పబోయి ఆగింది. చెప్పమన్నాను. గొంతు తగ్గించి, అవ్వ వినకూడదన్నట్టు చెప్పింది. జ్వరం పెరిగిన నాటి నుంచీ తనే ఆ అద్దానికి నోరు ఆనించి పెంటవ్వా, పెంటవ్వా అని పిలుస్తోందట. అత్తతో అంత కొట్లాడి, చివరకు తనే పిలిచిందట. సిగ్గైతుంది అంది. పురుగులకే నాలుగేసి పేర్లున్నాయి, మన పిల్లకు రెండుంటే ఏం పోయింది, ఇంట్లో అదీ, బయట ఇదీ అన్నాను. చిన్నగా నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని.

అప్పుడు అడిగాను. అడగాలని ఫోన్ చేయలేదు, నోట్లోంచి వచ్చేసింది. బాబుకు కూడా ఏదైనా పేరు పెట్టుకుని ఉండాల్సింది మనం అన్నాను.

సిగ్నల్ పోయిందేమో అనుకుని ఫోన్ చూసుకున్నాను. పోలేదు.

"నేను పెట్టుకున్న. కడుపుల ఉన్నప్పటి సంది పిలుస్తుంటి. వేణు అని. పోయిన దినం గూడ గట్లనే పిల్సిన."

నాకెందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు అడగలె."

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. నాలుగేళ్ళుగా మా ఇంట్లో మా కొడుకుకు పేరు ఉంది. రోజూ ఎప్పుడో ఒకప్పుడు వాడి తల్లి వాణ్ణి పిలుస్తూనే ఉంది. నేను తప్ప.

ఇంకోసారి చెప్పు అన్నాను. చెప్పింది.